చివరి విడత

గృహప్రవేశం రోజు ఆ ఇంట్లో నవ్వు ముఖం పెట్టలేని మనిషి ఒక్కడే ఉంటాడు. ఇల్లు కట్టిన కాంట్రాక్టరు. విజిటింగ్ కార్డు మీద 'బిల్డర్స్ అండ్ డెవలపర్స్' అని బంగారు రంగులో అచ్చేయించుకున్నా ఊళ్లో అందరికీ ఆయన మేస్త్రీయే. ఇంటాయన ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పంచె, కండువా చేతిలో పెట్టి, "ఈ ఇల్లు మా మేస్త్రీ చలవే" అని చుట్టాలకు చూపిస్తాడు. కొత్త బట్టలు అందుకుంటున్నకొద్దీ మేస్త్రీ ముఖం వాడిపోతుంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో బట్టలు పెట్టిన చేత్తోనే డబ్బు కూడా పెట్టిన ఆసామిని ఆయన చూడలేదు. పాలు పొంగాయంటే తాళాలు చేయి దాటినట్టే.

ఒప్పందం రాసుకున్నప్పుడు అంతా పద్ధతిగానే ఉంటుంది. బేస్‌మెంటుకింత, లింటల్‌కింత, స్లాబుకింత, ప్లాస్టరింగుకింత, పని పూర్తయ్యాక మిగిలింది. స్లాబు పడేదాకా ఇంటాయనకు మేస్త్రీ కావాలి కాబట్టి విడతలు రోజు తప్పకుండా వస్తాయి. రంగులు పడ్డాక మేస్త్రీకే ఇంటాయన కావాలి. అంతవరకు వచ్చిన డబ్బు ఇనుముకి, ఇటుకకి, ఇసుక ట్రాక్టరుకి, శనివారం బట్వాడాకి వచ్చినట్టే వెళ్లిపోయింది. ఆయన లాభం మొత్తం ఆ చివరి విడతలోనే ఉంది.

వసూలుకు ఆయన పొద్దున ఆరింటికే బయల్దేరతాడు. ఆసామి పొలానికో మిర్చి యార్డుకో వెళ్లకముందే పట్టుకోవాలి. కానీ గుమ్మంలోకి రాగానే డబ్బు మాటెత్తడం మర్యాద కాదు. అందుకని ముందు గోడ మీద రెండుసార్లు తట్టి చూస్తాడు. "బాత్‌రూములో నీళ్లు నిలవట్లేదు కదా బాబాయ్?" అని అడుగుతాడు. అది ఆయన చేసే మొదటి తప్పు. బాబాయ్ ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉంటాడు.

"నీళ్ల సంగతి తర్వాత. ఇటు రా, ఈ పగులు చూడు."

ఇక్కడ పత్తి పండించే నల్లరేగడే గోడలనూ చీలుస్తుంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దానిమీద మామూలు పునాది వేస్తే గోడ కూడా నేలతోపాటు కదులుతుంది. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవాళ్లు అడుగున బుడిపె ఉండే అండర్ రీమ్డ్ పైల్స్‌ను అభివృద్ధి చేశారు. ఆ మాట మేస్త్రీ మొదట్లోనే చెప్పాడు. ఖర్చు విని బాబాయ్, "మా తాతల ఇల్లు పైల్స్ మీద నిలబడిందా?" అన్నాడు. ఇప్పుడు ఆ సంగతి గుర్తుచేస్తే చివరి విడత ఇంకా వెనక్కి పోతుంది. మేస్త్రీ నోరు మూసుకుని సిమెంటు పాలు పూయిస్తానని ఒప్పుకుంటాడు. బయల్దేరేటప్పటికి నాలుగు ఇడ్లీలు, ఒక కాఫీ వసూలై ఉంటాయి.

ఇక వాయిదాల క్యాలెండరు. కార్తీకంలో అడిగితే పత్తి తీతలు, కూలీలకే చాలట్లేదు. సంక్రాంతికి అడిగితే పత్తి సీసీఐకి వేశాం, డబ్బు బ్యాంకులో పడాలి. మాఘంలో మిరప కోతలు. ఎండాకాలంలో కాయ కోల్డ్ స్టోరేజీకి వెళ్లింది, యార్డుకు సెలవులు. ఆషాఢంలో విత్తనాలు, ఎరువులు, కౌలు. ఇవేవీ లేని రోజు దొరికితే అది అమావాస్య అవుతుంది. ఇందులో ఏ సాకూ అబద్ధం కాదు. మేస్త్రీ బాధంతా అదే.

అసలు బాబాయ్ ఇంటి కథ 2023లో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందు, 2021-22 సీజనులో, నల్ల తామర పురుగు మిరప పూతను ఊడ్చేసింది. సరుకు తగ్గి ధర లేచింది. 2023లో గుంటూరు యార్డులో తేజ రకం క్వింటా 20 వేలు దాటింది. ఆ ధర చూసి బాబాయ్ ఒక్క అంతస్తు ప్లానును రెండు చేశాడు, మెట్లకు గ్రానైటు చీమకుర్తిదే కావాలన్నాడు. రంగులు పడేసరికి 2025 వచ్చింది, ధర దాదాపు సగానికి పడిపోయింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఇల్లు 20 వేల ధరకు లేచింది, బిల్లు 11 వేల ధరకు వచ్చింది.

గట్టిగా అడగడానికి కూడా మేస్త్రీకి నోరు రాదు. 1987లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ఈ జిల్లాల్లోనే అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ రోజులు ఆయనకు తండ్రి చెప్పగా తెలుసు.

చట్టం మాత్రం ఆయన పక్షానే ఉంది. చేసిన పనికి రావలసిన డబ్బు కోసం 3 ఏళ్ల లోపు దావా వేయవచ్చు. రూపాయి రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో ప్రోనోటు రాయించుకుంటే ఇంకా గట్టి. కాలదోషం పట్టకముందే ఎంతో కొంత ఇప్పించుకుని, నోటు వెనక చెల్లు రాయించుకుంటే మళ్లీ 3 ఏళ్లు. పర్చూరు దగ్గర ఆయన కట్టిన ఇల్లొకటి ప్రకాశం జిల్లాలో మొదలైంది. 2022 ఏప్రిల్ 4న ఊరు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. నోటు వెనక చెల్లులు మాత్రం ఏ జిల్లా అయినా ఆగకుండా పడుతున్నాయి. ఒకాయన చెక్కే ఇచ్చాడు, "నేను చెప్పేదాకా బ్యాంకులో వేయకు" అనే షరతు మీద. చెక్కు వాపసు వస్తే 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలని, ఆ తర్వాత 15 రోజులు ఆగాలని లాయరు వివరంగా చెప్పాడు. అదంతా చెక్కును బ్యాంకులో వేసినవాడికి పనికొచ్చే చట్టం. దావా వేస్తే ఆసామి ఐపీ పెడతాడేమో, ఆ వీధిలో ఇంకో పని దొరకదేమో అని మేస్త్రీ చెక్కును బీరువాలోనే దాచాడు.

సర్కారు పని అయితే ఈ తలనొప్పి ఉండదని ఒకప్పుడు అనుకునేవాడు. 2019కి ముందు ఉపాధి హామీ పనులు చేసిన తోటివాళ్ల బిల్లులు ప్రభుత్వం మారాక ఏళ్ల తరబడి ఆగి, హైకోర్టు దాకా నడిచాయి. అక్కడ పొద్దున్నే వెళ్లినా ఇడ్లీ కూడా పెట్టరు.

మేస్త్రీ వాకిట్లోనూ మరొకరు నిలబడి ఉంటారు. ఇనుము కొట్టాయన. ఆయనకు చెప్పడానికి కొత్త సాకులు వెతకాల్సిన పని లేదు. బాబాయ్ పొద్దున చెప్పింది సాయంత్రం ఇక్కడ అప్పజెబితే సరిపోతుంది.

చివరికి ఒక రోజు బాబాయే దారి చూపించాడు. "డబ్బు లేదబ్బాయ్, కాయ ఉంది. పట్టుకుపోతావా?" బాకీ రెండున్నర లక్షలు. కోల్డ్ స్టోరేజీలో ఉన్న 50 టిక్కీలు, ఒక్కోటి 45 కిలోల లెక్కన, 22.5 క్వింటాళ్లు. 11 వేల చొప్పున లెక్క దాదాపు సరిపోయింది. స్టోరేజీ బాండు చేతికొచ్చిన రాత్రి మేస్త్రీ హాయిగా నిద్రపోయాడు. తెల్లారి యార్డుకు వెళ్లి కమీషన్ వ్యాపారిని అడిగాడు. ఆయన చెప్పిన ధర విని, హమాలీ, కాటా, కమీషన్ పోగా మిగిలేదెంతో వేళ్ల మీద లెక్క వేసుకుని ఆలోచనలో పడ్డాడు. ఇంత మంచి కాయ, ఇప్పుడే తెగనమ్మడం దేనికి? చైనా వాళ్లు కొనుగోళ్లకు దిగితే 15 వేలు పలకదా?

ఆదివారం ఇనుము కొట్టాయన బిల్లు పుస్తకం చంకన పెట్టుకుని వచ్చాడు. మేస్త్రీ కుర్చీ వేశాడు, కాఫీ తెప్పించాడు.

"ఈసారి సాకు కాదన్నా, సరుకే ఉంది. కోల్డ్ స్టోరేజీలో 50 టిక్కీలు. కాస్త రేటు రానీ."

కొట్టాయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. బిల్లు పుస్తకం మూసేసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"తేజానా, 334 రకమా?"