ట్రయాథ్లాన్‌లో నాలుగో ఆట

ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేస్తే దాన్ని ట్రయాథ్లాన్ అంటారని అందరికీ తెలుసు. ఇందులో ఆరితేరినవాళ్లు మాత్రం నాలుగో ఆట ఇంకొకటుందంటారు, దాని పేరు ట్రాన్సిషన్. నీళ్లలోంచి లేచొచ్చి సైకిలెక్కే లోపు, సైకిలు దిగి పరుగందుకునే లోపు పట్టే సమయాన్ని కూడా గడియారం వదలదు కాబట్టి, తడి కాలికి సాక్సు తొడుక్కోవడం కూడా క్రీడేనని వాళ్ల వాదన. ఆ కష్టం ఎంతటిదో, స్నానం చేయించిన పిల్లాణ్ణి ఒళ్లు తుడవకముందే ఆటో వచ్చేసిన పూట బడికి తయారుచేసే ఏ తల్లినడిగినా చెబుతుంది. ఆమె మెడలో ఎవరూ మెడల్ వేయరన్నది వేరే సంగతి. అయినా నా లెక్కలో నాలుగో ఆట కబుర్లు. స్నేహితులంతా కలిసి దిగే ఊరి పోటీలో మిగతా మూడూ ఈ నాలుగోదాని కోసమే పెట్టారని నా నమ్మకం.

దీనికి చరిత్రే సాక్షి. మూడు ఆటలు కలిపిన నేటి తరహా పోటీ 1974 సెప్టెంబరులో అమెరికాలోని శాన్ డియాగోలో, మిషన్ బే దగ్గర జరిగింది. అందులో దిగినవాళ్లలో జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారీ, ఆయన భార్య జూడీ ఉన్నారు. తరవాత ఆ దంపతులు హవాయి చేరారు. 1977లో అక్కడ ఒక పరుగు పందెం బహుమతుల సభలో నలుగురూ చేరి, ఈతగాడు గట్టివాడా పరుగువాడు గట్టివాడా అని వాదనకు దిగారు. బెల్జియం సైకిలు వీరుడు ఎడ్డీ మెర్క్స్ ఒంటికి ఆక్సిజన్ వాడుకునే సత్తా అందరికన్నా ఎక్కువని పత్రికలో వచ్చిందంటూ కాలిన్స్ మూడో పక్షాన్ని లేవదీశాడు. మన దగ్గరైతే ఇలాంటి తగాదా రెండో టీ దగ్గర తేలిపోయి, బిల్లు ఎవరిస్తారన్న దగ్గర మళ్లీ మొదలయ్యేది. ఆయన మాత్రం ఆ దీవిలో విడివిడిగా జరుగుతున్న మూడు పోటీలను కలిపి ఒక్క రోజులో కుట్టేశాడు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42 కిలోమీటర్ల మారథాన్. ముందొచ్చినవాణ్ణి ఐరన్ మ్యాన్ అందామన్నాడు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది దిగితే 12 మంది ముగించారు. ఆ రోజు పోటీదారులకు పంచిన కాగితాల్లో ఇంత ఈదు, ఇంత తొక్కు, ఇంత పరుగెత్తు అని రాశాక చివర్న ఇంకో ఆజ్ఞ ఉంది: ఇక బతికున్నన్నాళ్లూ గొప్పలు చెప్పుకో అని. అంటే నాలుగో ఆట మూల శాసనంలోనే ఉందన్నమాట. మొదటి మూడింటికీ కొలతలిచ్చిన కాలిన్స్ దీనికి మాత్రం ఆయుష్షంతా గడువిచ్చాడు.

మన ఊళ్లలో సరదాగా దిగేవాళ్లు ఎంచుకునేది సాధారణంగా స్ప్రింట్ దూరం. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్స్‌లో 2000 సిడ్నీ నుంచి ఉన్న పోటీకి ఇది సరిగ్గా సగం. సగమే కదా అని ఎవరూ ఒంటరిగా ఆలోచించి, తెల్లారి లేచి ఎంట్రీ ఫీజు కట్టరు. వాట్సాప్ గ్రూపులో ఎవరో లింకు పడేస్తారు. ఇంకెవరో బొటనవేలు బొమ్మ పెడతారు. నువ్వు దిగితే నేనూ దిగుతానని మూడోవాడు అంటాడు, ఎదుటివాడు దిగడన్న ధైర్యంతో. ఆ ధైర్యం నాలుగో రోజున ఎదురు తిరుగుతుంది. ఇలా మాట జారి చేరినవాళ్లను ఆటల మీద నిజమైన ఆసక్తి లేనివాళ్లని కొందరు తీసిపారేస్తారు. నేనలా అనుకోను. క్రమశిక్షణ అనేది ఏ ఇద్దరు ముగ్గురిలోనో ఉంటుంది. పరువు అందరికీ ఉంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం నొక్కేసి పడుకోకుండా మనిషిని లేపేది, కింద గేటు దగ్గర బండి హారన్ కొడుతున్న స్నేహితుడే.

కబుర్ల ప్రాధాన్యాన్ని వైద్యులు కూడా ఒప్పుకున్నారు. వ్యాయామం ఏ మోతాదులో సాగుతోందో తెలుసుకోవడానికి వాళ్లు చెప్పే సులువైన కొలమానం మాటే. మాట్లాడగలిగి పాట పాడలేకపోతే ఓ మోస్తరు శ్రమ. రెండు ముక్కలనేసరికి ఊపిరి కోసం ఆగాల్సి వస్తే గట్టి శ్రమ. ఈ లెక్కన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సోలార్ పలకల నీడలో సాగే 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద ఇద్దరు పక్కపక్కన తొక్కుతూ అల్లుడి జీతం గురించి మాట్లాడుకుంటున్నారంటే, అది కాలక్షేపం అనకూడదు, సాధన అనాలి. పోటీ రోజున ఈ సుఖం పోతుంది. నీళ్లలో మూతి తెరిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సైకిలు మీద ముందువాడికి పది పన్నెండు మీటర్ల దూరం వదలాలి. దగ్గరికెళితే అతని చాటున గాలి దెబ్బ తప్పించుకున్నావని పెనాల్టీ వేస్తారు. పరుగులో పక్కనే నడిచినా అడిగేవాడు లేడు, కాని అప్పటికి సైకిలు దిగిన కాళ్లు మన మాట వినవు, నోటికి మాట రాదు. కబుర్లకు అలవాటుపడ్డ మనిషిని గంటన్నర, రెండు గంటలపాటు నోరు కట్టేసి ఉంచుతారు. ముగింపు గీత దగ్గర అంత ఆనందం దేనికొస్తుందని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే.

ఈ మౌనవ్రతంలోనే తరవాతి వాదనలకు ముడిసరుకు తయారవుతుంది. స్టేడియం ఈతకొలను 50 మీటర్లదైతే 15 పొడవులు ఈదాలి. తొమ్మిదో పొడవు తరవాత తొమ్మిదైందా పదైందా అన్న అనుమానం ఎంతటి లెక్కల మాస్టారికైనా వస్తుంది. ఇక పోటీదారుడి దండచేతి మీద మార్కర్‌తో రాసే నంబరు. అది స్నానానికి పోదు, పోవాలని ఎవరూ గట్టిగా రుద్దరు కూడా. సోమవారం ఆఫీసులో పొట్టి చేతుల చొక్కా వేసుకునేది అందుకే.

అభ్యంతరాలు లేకపోలేదు. డబ్బున్నవాళ్ల వేడుక అనేది మొదటిది. లక్షల సైకిళ్లున్న మాట నిజమే గానీ, చాలా ఊరి పోటీల్లో బ్రేకులు పనిచేసే మామూలు సైకిలూ, తలకు హెల్మెట్టూ ఉంటే పోనిస్తారు. మా చిన్నప్పుడు కాలవలో ఈది, అద్దె సైకిలు కత్తెర తొక్కుడు తొక్కి, తోటమాలి తరిమితే పరుగెత్తాం, మాకెవరు ఫీజడిగారు అనే పెద్దలది రెండోది. వాళ్లు ఆ మూడూ ఒకే రోజు చేశారో లేదో గాని, నాలుగోది నలభై ఏళ్లుగా ఆపకుండా చేస్తున్నారు. కాలిన్స్ నియమం ప్రకారం వాళ్లే విజేతలు. మూడో అభ్యంతరం దగ్గర మాత్రం నవ్వు పక్కనపెట్టాలి. మాటకు కట్టుబడి ఈత రానివాడు నీళ్లలో దిగకూడదు, దింపకూడదు. ఒళ్లు అలిసిపోయాక నీళ్లు ప్రమాదమనే ఈతను మొదట పెట్టారు. ఈత రానివాళ్లకు రిలే ఉంది. ఒకరు ఈదితే ఒకరు తొక్కుతారు, ఇంకొకరు పరుగెత్తుతారు. పని మూడో వంతు, కబుర్లు మాత్రం ఎవరివి వాళ్లకు పూర్తిగా.

పోటీ పెడితే స్నేహాలు చెడతాయన్నది అసలైన అభ్యంతరం. దీనికి రెండు రకాల ఆధారాలున్నాయి. 2016లో మెక్సికోలోని కోజుమెల్‌లో జరిగిన ట్రయాథ్లాన్‌లో ముందున్న జానీ బ్రౌన్లీ ఎండ దెబ్బకు ఇంకో కొన్ని వందల మీటర్లున్నాయనగా తూలిపోతుంటే, అన్న ఆలిస్టర్ రెక్క పట్టుకుని లాక్కొచ్చి గీత ముందు అతన్నే ముందుకు తోశాడు. తమ్ముడు రెండు, అన్న మూడు. ఈలోగా దక్షిణాఫ్రికాకు చెందిన హెన్రీ స్కూమన్ దాటిపోయి గెలిచాడు. రెండోది ఆ మొదటి ఐరన్ మ్యాన్‌దే. పరుగు మొదలయ్యేసరికి ముందున్నది జాన్ డన్‌బార్. వెంట ఉన్న సాయం బృందం దగ్గర నీళ్లు నిండుకున్నాయి. వాళ్లు ఆలోచించి, మిత్రుడికి బీరు పోశారు. గోర్డన్ హాలర్ అతన్ని దాటేసి 11 గంటల 46 నిమిషాల్లో ముగించాడు. డన్‌బార్ అరగంట పైచిలుకు వెనక రెండోవాడిగా వచ్చాడు. ఆ బీరు తాగకపోతే గెలిచేవాడని ఒకరంటారు, అదీ లేకపోతే దారిలోనే కూలబడేవాడని ఇంకొకరంటారు. ఈ రెండో మాట వైపే నా మొగ్గు, కాని పోటీ ముగిశాక చేరే టిఫిను బల్ల దగ్గర ఇడ్లీ చల్లారేలోపు ఇది తేలదు. అవతల బల్ల దగ్గర పద్నాలుగు పొడవులా పదిహేనా అన్నది కూడా ఇంకా తేలలేదు.