నా లాకరు అరలో హైదరాబాదు

నేను రాజమండ్రిలో ఓ వెల్డింగు షెడ్డులో పుట్టిన ఇనుప బీరువాను. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, ఒక తలుపుకు నిలువుటద్దం, లోపల లాకరు. ఆ లాకరు వెనక చిన్న రహస్యపు సొరుగు. దాని సంగతి చాలాకాలం తాతగారికీ మామ్మగారికీ మాత్రమే తెలుసు.

తాతగారు కోనసీమలో పంతులుగా పనిచేస్తున్నప్పుడు నన్ను చేయించుకున్నారు. 1986 ఆగస్టులో గోదావరి పొంగింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. నీళ్లు గడప దాటుతుంటే తాతగారు నా కింది అరలోని పట్టుచీరల జోలికి పోలేదు. పొలం దస్తావేజులు, ఉద్యోగం కాగితాలు, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు మూటగట్టి అటకెక్కించారు. చీరలు పాడైపోయాయి. నా కింది అర అంచున ఇప్పటికీ ఒక తుప్పు గీత ఉంది. ఎన్నిసార్లు రంగు వేయించినా పైకి తేలుతుంది. ఇల్లు కదలాల్సి వస్తే ముందు కాగితాలు చూసుకోవాలన్న నమ్మకం నాకు ఆ గీతతోనే మొదలైంది. ఇప్పుడు ఈ ఇంట్లో జరుగుతున్న హడావుడి చూస్తుంటే అది ఇంకా గట్టిపడుతోంది.

ఈ వేసవిలో మేం హైదరాబాదు వెళ్తున్నాం. అబ్బాయికి అక్కడ ఉద్యోగం. కూకట్‌పల్లిలో ఓ హాస్టల్లో ఉంటున్నాడు. శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం తెల్లారేసరికి గోదావరి వంతెన మీదుంటాడు. ఆదివారం రాత్రి మళ్లీ బండెక్కేస్తాడు. ఎన్నాళ్లిలా అని కోడలు అడుగుతూనే ఉంది. చివరికి ముహూర్తం పెట్టింది మనవరాలి చదువు. తెలంగాణలో వృత్తివిద్యా కోర్సుల సీట్లకు లోకల్ కావాలంటే ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. పిల్ల ఎనిమిదో తరగతి ఇప్పుడే అయింది. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు కలిపితే సరిగ్గా నాలుగు. ఈ లెక్కను అబ్బాయి క్యాలెండరు కాగితం వెనక వేసి, ఆ కాగితం మడిచి నా లాకరులోనే దాచాడు. ఈ జూన్ దాటితే ఆ లెక్క తప్పుతుంది.

తాతగారి తమ్ముడు అప్పుడెప్పుడో ఇదే కూకట్‌పల్లికి వెళ్లిపోయినప్పుడు ఇంత ఆలోచన లేదు. సామాను లారీకెత్తి, వెనకే స్కూటరు కూడా ఎక్కించుకుని వెళ్లారు. అప్పుడు అదంతా ఒకటే రాష్ట్రం. 2014 జూన్ 2 నుంచి అదే నాలుగు వందల కిలోమీటర్ల దారిలో, కోదాడ ఇంకా రాకముందే రాష్ట్రం మారిపోతోంది. రోడ్డు మారలేదు. విజయవాడ దాకా పదహారో నంబరు హైవే, అక్కణ్నుంచి అరవై అయిదు. కాగితాలకు మాత్రం ఇప్పుడది దూరదేశమే.

కోడలి స్కూటీనే చూడండి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు ఇక్కడి రవాణా కార్యాలయం ఎన్‌ఓసీ ఇవ్వాలి. చలాన్లు బాకీ ఉంటే ముందు అవి కట్టాలి. రైల్లో పార్శిల్ చేస్తే పెట్రోలు మొత్తం తీసేసి, ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు చూపించాలి. గ్యాసు సంగతి ఇంకోటి. సిలిండరు లారీలో ఎక్కించకూడదు. సిలిండరూ రెగ్యులేటరూ ఇక్కడి ఏజెన్సీకి అప్పగిస్తే డిపాజిట్టు వెనక్కిచ్చి ఒక వోచరు ఇస్తారు. అది చూపిస్తేనే అక్కడ కొత్త కనెక్షను. మధ్యలో రోజులు గడవడానికి కోడలు ఇండక్షన్ పొయ్యి కొన్నది. కొత్త ఇంట్లో పాలు పొంగించేది కూడా దాని మీదే. మామ్మగారికి ముందు అది నచ్చలేదు. పొయ్యంటే మంట కనబడాలిగా అన్నారు. పాలు పొంగితే చాలు, మంట కనిపించకపోయినా ఫర్వాలేదని పురోహితుడు చెప్పాక ఊరుకున్నారు. మే నెల కర్తరి కూడా అద్దె ఇంటికి అడ్డు కాదని ఆయనే తేల్చారు. మంగళవారం మాత్రం వద్దన్నారు.

ఈ నెలంతా కోడలు రాత్రి వంట సర్దేసి నా ముందు చాప వేసుకు కూర్చుంటోంది. టీసీ, స్టడీ సర్టిఫికెట్లు ఒక ఫైలు. ఆధార్‌లు, బ్యాంకు పుస్తకాలు ఒకటి. ఇంటి పన్ను రశీదులు ఇంకొకటి. మొన్న రాత్రి అలాగే వెతుకుతూ అడిగింది.

“అత్తయ్యగారూ, మావయ్యగారి పెన్షను కాగితం ఏ అరలో ఉంది?”

మామ్మగారు మంచం మీంచి లేచి వచ్చారు. మోకాళ్లు పట్టేస్తున్నా నా ముందు నిలబడి లాకరు తెరిచారు. చెయ్యి లోపలికంటా పోనిచ్చి వెనక రేకు పక్కకు జరిపారు.

“ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు కదూ? ఇలా రా అమ్మాయ్. ఇక్కడ వేలు పెట్టి కుడివైపుకి నొక్కు.”

కోడలు నొక్కింది. సొరుగు కిర్రుమంటూ ముందుకొచ్చింది. ఫ్యామిలీ పెన్షను ఆర్డరు, తాతగారి మరణ ధ్రువపత్రం, కోనసీమ పొలం అమ్మినప్పటి కాగితం, వరదలో తడిసి అంచులు ముడతలు పడ్డ పెళ్లిఫొటో. కోడలు ఫొటో పక్కన పెట్టి ముందు పెన్షను ఆర్డరు తీసి రెండు వైపులా చదివింది. పెన్షను బ్యాంకులోనే పడుతుంది కాబట్టి ఊరు మారినా ఆగదు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తే చాలు, దాన్ని ఇప్పుడు వేలిముద్రతో ఆన్‌లైన్‌లోనే ఇవ్వొచ్చు. ఈ సంగతి కోడలు చెప్పాకే మామ్మగారు ఫొటో చేతిలోకి తీసుకున్నారు. ఆవిడ లోలోపల ఎన్నాళ్లుగా భయపడుతున్నారో నాకప్పుడు తెలిసింది. వలస అనగానే ఇంట్లో అందరూ అట్టపెట్టెలూ లారీ బాడుగా మాట్లాడుకుంటారు. పెద్దవాళ్లకుండే భయం ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. ముందు అదే అడగాలి.

నా విషయమూ చర్చకు వచ్చింది. ఫ్లాట్లలో వార్డ్‌రోబులు గోడలోనే ఉంటాయి, ఇంత బరువు మోసుకెళ్లడమెందుకు, ఇక్కడే అమ్మేద్దామన్నాడు అబ్బాయి. మామ్మగారు మాట్లాడలేదు. కోడలు టేపు తీసుకొచ్చి నా ఎత్తూ వెడల్పూ లోతూ కొలిచి అతనికి పంపింది. “లిఫ్టు కొలతలు పంపండి, మెట్ల మలుపు కూడా,” అని రాసింది. మూడు ఫ్లాట్లు చూస్తే ఒక్క లిఫ్టులోనూ నేను పట్టను. అందుకని మొదటి అంతస్తు ఇల్లు ఖాయం చేశారు. కరెంటు పోయి లిఫ్టు ఆగినా మామ్మగారు దిగగలరన్నది అసలు కారణం. ఆ ఇంటికి నీళ్ల ట్యాంకరు ఎన్నాళ్లకోసారి తెప్పిస్తారో కూడా కోడలే అడిగింది. అద్దెకు చూసిన ప్రతి ఇంట్లోనూ అడగవలసిన మాట అది. అడ్వాన్సు రెండు నెలలు, మెయింటెనెన్సు వేరే. ఒప్పందం మామూలుగానే 11 నెలలకు రాశారు.

ప్యాకర్స్ వాళ్లబ్బాయి వచ్చి ఇల్లంతా వీడియో తీసుకున్నాడు. వేరే ఇంటి సామానుతో కలిపి పంపితే తక్కువవుతుంది గానీ మధ్యలో దించి ఎక్కిస్తారు. కోడలు ఫుల్ లారీయే మాట్లాడింది. వాడిన ఇంటి సామానుకు ఈవే బిల్లు అక్కర్లేదు. అయినా జాబితా రెండు కాపీలు రాసి, ఒక్కో వస్తువుకూ ఫొటో తీసి పెట్టుకుంది. పట్నంలోకి పెద్ద లారీలను పగటిపూట రానివ్వరు. అందుకే సాయంత్రం బయల్దేరి తెల్లవారకముందే చౌటుప్పల్ దాటేలా అనుకున్నారు. నన్ను ముందుగా ఎక్కించి, క్యాబిన్ వైపు నిలబెట్టి తాళ్లతో కడతారట. లోపల ఏమీ ఉండకూడదని ఆ అబ్బాయి గట్టిగా చెప్పాడు. మంచి మాటే. కాగితాల సంచి కోడలి భుజానే రైల్లో రావాలి.

ఇక మిగిలింది ఓటు. ఇల్లు మారితే ఫారం 8 నింపాలి. అబ్బాయిదీ కోడలిదీ అయిపోయాయి. మామ్మగారి ఫారం మీద సంతకం లేదు.

“నా ఓటు ఇక్కడుంటే వచ్చిన నష్టమేంటి? ఏడాదికోసారి రానా?”

“వస్తారు అత్తయ్యగారూ. ఉండేది మాత్రం అక్కడే కదా?”

కోడలి మాటే నిజం. సామాను ఒక్క రాత్రిలో చేరిపోతుంది, పేరు చేరడానికి నెలలు పడుతుంది. పేరు చేరని మనిషి ఆ ఊళ్లో ఎన్నేళ్లున్నా కొడుకింటికి చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటుంది. మామ్మగారు అలా ఉండటం నాకిష్టం లేదు. ఆవిడ ఫారం చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, మొదటి పేజీ అంతా చదివారు.

“ముందు అక్కడ కూరలు ఎక్కడ కొనుక్కోవాలో చెప్పు. నేను నడిచి వెళ్లగలిగితే పెడతాను సంతకం.”

కోడలు ఫోను తీసి అబ్బాయికి కలిపింది. “ఏవండీ, కూకట్‌పల్లి రైతుబజారు మనింటికి ఎంత దూరం? బండి మీద కాదు, అత్తయ్యగారు నడిస్తే?”