ఆశ్రయ గృహపు హాజరు పుస్తకం కథ

హైదరాబాద్‌లో ఇల్లు లేనివారు ఉచితంగా తలదాచుకొనే ఒక ఆశ్రయ గృహంలో, సంరక్షకుని బల్లపై ఉండే హాజరు పుస్తకం, తన జన్మకు మూలాన్ని ఆహార హక్కు కోసం 2001లో సుప్రీంకోర్టులో దాఖలైన వ్యాజ్యంలో గుర్తిస్తుంది. ఆ వ్యాజ్యంలోనే 2010లో న్యాయస్థానం, నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఏడాది పొడవునా పనిచేసే ఆశ్రయాలు ఉండాలని ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దానికి పథక రూపమిచ్చి, మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలని నిర్దేశించింది.

ఈ పుస్తకంలోని గడులు కొన్నే: పేరు, వయసు, సొంతూరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, సంతకం లేదా వేలిముద్ర. రోగికి తోడుగా వచ్చినవారు ఆసుపత్రి పని ముగియగానే వెళ్లిపోతారు. క్యాటరింగ్ పనివారు పెళ్లి ముహూర్తాలను బట్టి వచ్చిపోతుంటారు. కొన్ని పేర్లు మాత్రం పాత పుస్తకం నిండి కొత్తది తెరిచాక కూడా అదే వరుసలో కొనసాగుతాయి. నెలల తరబడి, ఏళ్ల తరబడి పడకకూ తిండికీ వైద్యానికీ ప్రభుత్వ, స్వచ్ఛంద సేవలే దిక్కుగా ఉండే ఈ స్థితినే దీర్ఘకాలం ఆధారపడటం అంటారు.

దీనికి కారణం సోమరితనమని బయటివారు అనుకోవడం అన్యాయమని ఈ పుటలకు తెలుసు, ఎందుకంటే ఆ పేర్లలో చాలావాటి పక్కన తెల్లవారుజామునే అడ్డాకు, అంటే దినకూలీలు పని కోసం నిలబడే కూడలికి, వెళ్లిన వేళ నమోదై ఉంటుంది. సిమెంటు పనిలో గీతలరిగిన బొటనవేలిని సిరాలో అద్దితే ఈ పుస్తకం అంగీకరిస్తుంది గానీ, రేషన్ దుకాణంలోని వేలిముద్రల యంత్రం తరచు తిరస్కరిస్తుంది. ఆహార భద్రత చట్టం కింద ప్రాధాన్య కుటుంబాల్లో తలకు నెలకు 5 కిలోల ధాన్యం హక్కయినా, రేషన్ కార్డు లేనివారికి ఆ హక్కు అందదు. గది అద్దెకు తీసుకోవాలంటే అడ్వాన్సు కావాలి, కూడబెట్టిన కూలి డబ్బు ఒక్క జ్వరంతో కరిగిపోతుంది. నిరాశ్రయులైన మానసిక రోగులకు పేదరిక కార్డుతో నిమిత్తం లేకుండా ఉచిత చికిత్స పొందే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చినా, చేయిపట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లే మనిషి లేనిచోట అది కాగితానికే పరిమితమవుతుంది.

ఈ పుస్తకాన్ని బాధించే లోపం దాని గడుల్లోనే ఉంది. ఎన్ని పడకలు నిండాయో అది చెప్పగలదు. ఎవరి పింఛను దరఖాస్తు ఏ కార్యాలయంలో ఆగిందో, గృహం విడిచినవారు అద్దె గదికి చేరారో తిరిగి కాలిబాటకే చేరారో చెప్పలేదు. నివాసులను గుర్తింపు పత్రాలకు, పింఛనుకు, చికిత్సకు, గృహవసతికి అనుసంధానించడం ఆశ్రయ పథకం తానే పెట్టుకొన్న బాధ్యత గనుక, నిండిన పడకల లెక్కతో పాటు ఆ బాధ్యత నెరవేరిందో లేదో చూపే గడి కూడా ప్రతి పేరు పక్కన ఉండాలి; అది లేనంతకాలం ఒక మనిషి దీర్ఘకాలం ఇక్కడే ఉండిపోవడాన్ని అతని వైఫల్యంగా లెక్కించే అధికారం ఎవరికీ లేదు.