కుదిపితేనే మెలకువ

నా ఉద్యోగం నిద్రపోవడం. మహారాష్ట్రలో సతారా జిల్లా, కొయినా డ్యాం, 1-ఎ బ్లాకు లోపలి గ్యాలరీ నా చిరునామా. పేరు యాక్సెలెరోగ్రాఫ్. నోరు తిరక్కపోతే కుదుపుల మీటరు అనుకోండి. డ్యాం పొడవునా వచ్చే ఊపు, ఏటి వాలున వచ్చే ఊపు, కిందా మీదా వచ్చే ఊపు, ఈ మూడింటినీ విడివిడిగా పట్టి, వెలుగు చుక్కలతో ఫొటో కాగితం మీద గీస్తాను. ఊరికే కాగితం తిప్పితే దండగ కాబట్టి, నేల గట్టిగా అదిరితే తప్ప నా మోటారు కదలదు. అందుకే ఏ కుదుపులోనైనా మొట్టమొదటి క్షణం నాకు దొరకదు. మా తర్వాత వచ్చిన డిజిటల్ మీటర్లకు ఆ బాధ లేదు. అవి ఎప్పుడూ మేలుకునే ఉండి, కుదుపుకు ముందరి సెకన్లను కూడా దాచిపెడతాయి.

గ్యాలరీ అంటే డ్యాం కడుపులో సొరంగం. గోడలు చెమ్మగా ఉంటాయి, పక్కన సన్నటి కాలవలో ఊట నీరు పారుతుంటుంది. కొత్తగా నీళ్లు నింపిన ఏ పెద్ద కాంక్రీటు డ్యాంలోనైనా టార్చిలైటు, నోటుబుక్కు పట్టుకుని మనుషులు ఇలాంటి చోట్లకే దిగుతారు. కాలవకు అడ్డంగా వి ఆకారంలో కోసిన రేకు మీదుగా నీరెంత ఎత్తున పొర్లుతోందో చూసి, ఊట ఎంతో లెక్కకడతారు. జలాశయంలో మట్టం పెరిగితే ఊట పెరగడం మామూలే. మట్టం నిలకడగా ఉన్నా ఊట పెరిగిందంటే, అందులో మట్టి కనిపించిందంటే, ఆ రాత్రి ఇంజినీర్లకు నిద్ర ఉండదు.

మా డ్యాం ఎత్తు 103 మీటర్లు. వెనక శివాజీ సాగర్, దాదాపు 100 టీఎంసీల నీరు. 1960ల మొదట్లో నింపడం మొదలైందో లేదో, చుట్టుపక్కల పల్లెల్లో భూమి లోపలినుంచి ఉరుములు వినపడసాగాయి. దక్కన్ నేలకు భూకంప భయం లేదనే ధీమా అందరిదీ. 1962 నాటి దేశ భూకంప పటంలో ఈ ప్రాంతం ‘జోన్ సున్నా’. అయినా జనం మాట కొట్టిపారేయకుండా జలాశయం చుట్టూ సీస్మోగ్రాఫులు పెట్టారు. చూస్తే ప్రకంపనలు చాలావరకు నీటి దాపునే పుడుతున్నాయి.

1967 డిసెంబరు 11, తెల్లవారుజామున 4 గంటల 21 నిమిషాలకు నాకు మెలకువ వచ్చింది. భూకంప తీవ్రత 6.3. నా కాగితం మీద డ్యాం పొడవునా వచ్చిన గీత 0.63 జి దాకా ఎగిరింది, అంటే గురుత్వ త్వరణంలో 63 శాతం. డిజైనులో భూకంపం కోసం వేసుకున్న లెక్క 5 శాతం! డ్యాం నిలబడింది గానీ, వాలు మారే చోట ఎత్తైన బ్లాకులు అడ్డంగా పగుళ్లిచ్చాయి. కొయినానగర్‌లో ఇళ్లు కూలి 200 మంది దాకా చనిపోయారు. మేం కాపాడింది నీటిని. నిద్రలో ఉన్న మనుషుల్ని కాపాడే పరికరం అప్పుడు ఇక్కడ లేదు.

పగుళ్లను ఎపాక్సీతో పూడ్చారు, దిగువవైపు బలమైన కాంక్రీటు ఆసరాలు కట్టారు. 1970లో పటం తిరగరాసినప్పుడు ‘జోన్ సున్నా’నే ఎత్తేశారు.

నీళ్లే భూకంపం పుట్టించాయా? పుట్టించలేదు, తొందరపెట్టాయి. రాతిలో ఎన్నాళ్లుగానో బిగిసిన ఒత్తిడి ఉంది. పైనుంచి నీటి బరువు తోడైంది, నెర్రెల్లోకి దిగిన నీటి పీడనం రాతి పట్టును సడలించింది. ఎంత ఎత్తు నింపారన్నదే కాదు, ఎంత వేగంగా నింపారు, ఆ మట్టాన్ని ఎన్నాళ్లు ఉంచారు అన్నవీ ముఖ్యమేనని తేల్చిన హర్ష్ గుప్తా పనిచేసింది మీ హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్ఐలోనే. ఈ భూకంపాలను దగ్గరగా పరిశీలించడానికి 2017లో ఇక్కడ మూడు కిలోమీటర్ల లోతుకు పైలట్ బోరు దించారు. నల్లరాయి పొర కిలోమీటరు పైచిలుకు దాటాక గ్రానైటు తగిలింది.

మీకూ మాకూ ఇంకో చుట్టరికం ఉంది. కొయినా నది కరాడ్ దగ్గర కృష్ణలో కలుస్తుంది. మేం వదిలే వరద అల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం దాటుకుంటూ నాగార్జునసాగర్‌కు చేరాల్సిందే. నేను గీత గీసిన ఏడాదే, ఆగస్టులో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలారు.

ఆ గీత ఇప్పుడు నాది కాదు. ‘కొయినా రికార్డు’ అని పేరు పెట్టి అంకెలుగా మార్చుకున్నారు. కాంక్రీటు డ్యాం ఎలా పగులుతుందో లెక్కకట్టే కొత్త పద్ధతి వస్తే, చాలాసార్లు ముందు ఈ అంకెలతో మా డ్యాంనే కంప్యూటర్‌లో కుదిపి చూస్తారు. పగుళ్లు సరిగ్గా మాకు వచ్చిన చోటే వస్తే ఆ లెక్కకు పాసు మార్కులు.