22వ గుమ్మం దగ్గర

నేను ఎస్ఎస్‌హెచ్‌డీని. సర్వరులో 22వ పోర్టు దగ్గర కూర్చుని, దూరం నుంచి లాగిన్ అవ్వాలని వచ్చేవాళ్లను చూసి లోపలికి పంపడం నా పని. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలించాక, అక్కడి తాతు ఇలోనెన్ మా వంశానికి మూలమైన మొదటి ఎస్ఎస్‌హెచ్ రాశాడు. అప్పటిదాకా వాడుకలో ఉన్న టెల్నెట్‌లో పాస్‌వర్డ్ తీగ మీద ఏ ముసుగూ లేకుండా పోయేది. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ల చేతుల్లో నాకు ఇప్పటి రూపం వచ్చింది. దొంగతనం జరిగాక కట్టిన గుమ్మాన్ని కాబట్టి అనుమానించడం నాకు పుట్టుకతో వచ్చిన పని. నా మీద తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: సర్వరు మీద సర్వాధికారాలున్న రూట్ హాయిగా లోపలికి పోతాడు, మామూలు యూజరు మాత్రం ‘పర్మిషన్ డినైడ్’ అని వెనక్కి తిరుగుతాడు. అనుమతులు చాలక అలా జరుగుతోందని అందరూ అనుకుంటారు. పాస్‌వర్డ్ బదులు కీతో వచ్చేవాళ్ల విషయంలో చాలాసార్లు సంగతి తలకిందులు. అనుమతులు ఎక్కువై నేను ఆపుతాను.

సెంటాస్ 7 సర్వరునే తీసుకోండి. అందులో మామూలు యూజరు సొంత గ్రూపుతో పుడతాడు, కొత్త ఫైళ్లలో ఏ అనుమతులు తీసేయాలో చెప్పే అతని యూమాస్క్ 002. రూట్‌కు 022. ఇద్దరూ ఒకే కమాండుతో డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డరు చేసుకుంటే రూట్ ఫోల్డరు 755 అవుతుంది, యూజరుది 775. ఆథరైజ్డ్ కీస్ ఫైలు కూడా అంతే: అక్కడ 644, ఇక్కడ 664. ‘ఎల్ఎస్ మైనస్ ఎల్ఏ’ కొట్టి చూడండి, తేడా అంతా మధ్య మూడక్షరాల్లో ఉన్న ఒక్క ‘డబ్ల్యూ’. స్ట్రిక్ట్‌మోడ్స్ అనే నియమం నాలో మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి కీ ఫైలు, దాని ఫోల్డరు, పైనున్న హోమ్ డైరెక్టరీ మూడూ చూస్తాను. యజమాని, రూట్ కాకుండా గ్రూపుకో ఇతరులకో వాటిలో రాసే అనుమతి ఉంటే, ఆ గ్రూపులో యజమాని ఒక్కడే ఉన్నా సరే, ఆ కీని నమ్మను. చదవడం గురించి నాకు పట్టింపు లేదు, అది పబ్లిక్ కీయే కదా. రాయగలగడం వేరు. హోమ్ డైరెక్టరీలో రాయగలిగినవాడు పాత ఫోల్డరు పేరు మార్చి, తన కీ ఉన్న ఫోల్డరును ఆ స్థానంలో పెట్టి, మరుక్షణం ఆ యూజరు పేరుతో లోపలికి రాగలడు.

అందుకే విసుగొచ్చి చ్‌మోడ్ 777 కొట్టినవాళ్లకు పని జరగదు, రోగం ముదురుతుంది. స్ట్రిక్ట్‌మోడ్స్‌ను ఆపేస్తే సరిపోదా అంటారు. ఒక్కడే వాడుకునే మెషీనులో ప్రమాదం తక్కువే, ఒప్పుకుంటాను. పదిమంది పంచుకునే సర్వరులో మాత్రం అది ఒకరి అజాగ్రత్త కోసం అందరి ఇళ్ల తాళాలూ తీసేసినట్టే. రూట్ లాగిన్‌నే అందరికీ ఇచ్చేద్దామనే మాట ఇంకా చెడ్డది. రాత్రి ఫైలు చెరిపింది ఎవరని తెల్లారి వెతికితే నా లాగ్ ఫైలులో ప్రతి పేరూ రూటే.

తప్పంతా ఎప్పుడూ యూజరు ఫోల్డరుదే అనడం లేదు. రూట్‌గా ఉండి అడ్మిన్ సృష్టించిన కీ ఫైలుకు యజమాని రూటే, అనుమతి 600 అయితే దాన్ని నేనూ తెరవలేను, ఎందుకంటే ఆ యూజరు హోదాలోనే చదువుతాను. ఈటీసీలో నోలాగిన్ ఫైలు మిగిలిపోతే రూట్ తప్ప అందరూ ఆగిపోతారు. నా కాన్ఫిగ్‌లోని అలౌయూజర్స్‌లో ఒక్క పేరు రాసినా లిస్టులో లేనివాళ్లంతా బయటే. దానితోపాటు అలౌగ్రూప్స్ కూడా ఉంటే రెండింట్లోనూ నెగ్గాలి, ఏదో ఒకటి చాలదు. ఇన్ని కారణాలున్నప్పుడు ఊహించి ఒక్కొక్కటీ వదులు చేయడం కంటే నేను రాసిపెట్టిన కారణం చదవడం మేలు. డెబియన్ పాత వెర్షన్లలో ఆథ్ లాగ్, సెంటాస్‌లో సెక్యూర్ ఫైలు: ఏ ఫైలు యాజమాన్యం బాగాలేదో, ఏ పేరు లిస్టులో లేదో అక్కడ రాస్తాను.

ఆ ముక్క గుమ్మం దగ్గరే చెప్పొచ్చు కదా అన్నది న్యాయమైన అభ్యంతరం. నన్ను తట్టేవాళ్లలో పాస్‌వర్డ్‌లు ఊహించే బాట్లు కూడా ఉంటాయి. ఈ పేరు లిస్టులో లేదు, ఆ పేరుకు ఫోల్డరు వదులుగా ఉంది అని బయటికి చెబితే ఏ పేర్లు నిజమైనవో వాళ్లకు తెలిసిపోతుంది. అసలు లేని పేరుతో వచ్చినా పాస్‌వర్డ్ అడిగే తిప్పి పంపుతాను. దీనివల్ల లాగ్ చూసే హక్కు లేని యూజరు అన్యాయంగా నలుగుతాడు, అది నిజం. అతను మళ్లీ మళ్లీ ప్రయత్నించినా కారణం అతనికి కనబడదు. అతను లాగిన్ కొడుతున్న ఆ నిమిషంలోనే అడ్మిన్ ‘టెయిల్ మైనస్ ఎఫ్’ పెట్టి లాగ్ ముందు కూర్చోవాలి. కాన్ఫిగ్ మార్చాల్సి వస్తే ‘ఎస్ఎస్‌హెచ్‌డీ మైనస్ టీ’తో తప్పులు చూసుకుని, ఉన్న సెషన్ మూయకుండా నన్ను రీలోడ్ చేసి, రెండో కిటికీలోంచి ఆ యూజరు చేతే మళ్లీ తట్టించాలి.