బీగం తీసే విద్య: తిరుమణిలో ఆడేవారికి సూచనలు

పాయింట్ అండ్ క్లిక్ ఆట, అంటే తెర మీద నొక్కుతూ దాచినవి వెతికే ఆట, ఆడదలచినవారు ముందు నీడ చూసుకోవాలి. ఎండలో ఫోను తెరే కనబడదు, అందులో చీకటి గది మూల దాచిన బీగంచెవి ఏం కనబడుతుంది? కర్ణాటకలోని ఈ తిరుమణిలో నీడకేం తక్కువ, అయిదూళ్ల పొలాల్లో 13,000 ఎకరాల మేర సోలార్ పలకలు పరిచారు గదా అని బయటివాళ్లు అనుకుంటారు. ఆ నీడ కంచెకు అవతల ఉంది. అక్కడికి పోవాలంటే పలకలు కడిగే పనో, గడ్డి కోసే పనో, కాపలా పనో సంపాదించాలి. ఆ పని దొరికినవాడికి ఆడుకునే తీరిక ఉండదు. కాబట్టి రచ్చకట్టే గతి.

తర్వాత చార్జింగు. 2,050 మెగావాట్ల పార్కు పక్కనే కూర్చుని ఇది కూడా చెప్పించుకోవాలా అనకండి. ఆ కరెంటు పెద్ద టవర్లెక్కి గ్రిడ్డుకు పోతుంది, సొంతూరు గదా అని దారిలో మనల్ని పలకరించి పోదు. ఫోను నూటికి నూరు నింపుకునే కూర్చోండి.

అన్నిటికన్నా ముఖ్యం తీరిక. ఈ విషయంలో తిరుమణివాళ్లు అదృష్టవంతులు. 2018 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య సోలార్ పార్కును ప్రారంభించారు. పొలం ఉన్నవాడు దాన్ని కౌలుకిచ్చాడు: ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపు. ఇక వానకోసం ఆకాశం వైపు చూసే పని లేదు, శెనక్కాయ విత్తే పని లేదు. పొలం లేక ఆ శెనక్కాయ చేలల్లో కలుపు తీసి బతికినవాడికి కౌలూ లేదు, కలుపూ లేదు. డబ్బు సంగతి ఎలా ఉన్నా, తీరిక మాత్రం ఇద్దరికీ సమానంగా పంచారు. దాన్ని వృథా చేయకూడదు.

ఇక ఆట. నలుగురిలో పరువుగా ఆడాలంటే కాస్త చరిత్ర తెలిసి ఉండాలి. 2003లో యాకుబ్ ద్వోర్స్కీ అనే చెక్ కుర్రాడు ప్రాగ్‌లో తన చదువు చివరి ప్రాజెక్టుగా ‘సామొరోస్ట్’ తయారుచేశాడు. ప్రాజెక్టును జనం అడిగి మరీ చూడటం చదువుల చరిత్రలో అరుదు. మరుసటేడు జపాన్‌లో తోషిమిత్సు తకాగి ‘క్రిమ్సన్ రూమ్’ వదిలాడు. ఎర్రటి గది, మూసిన తలుపు, లోపల మనం, అంతే. 2005లో పోలండ్‌కు చెందిన మతేయుష్ స్కుట్నిక్ ‘సబ్‌మెషీన్’ మొదలుపెట్టాడు. ఇవన్నీ బ్రౌజర్లో ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచినవి. 2020 డిసెంబరు 31న అడోబీ సంస్థ ఫ్లాష్‌కు మద్దతు ఆపేసినప్పుడు, ఇక పిల్లలు బాగుపడతారని ఎందరు తల్లులు ఆశపడ్డారో! రఫుల్ అనే ఎమ్యులేటర్ వచ్చి పాత ఆటల్లో చాలావాటిని మళ్లీ లేపి కూర్చోబెట్టింది. అదీ వద్దనుకుంటే నెదర్లాండ్స్‌వాళ్ల ‘క్యూబ్ ఎస్కేప్’ ఉంది. 2015లో మొదలైన ఈ వరుసలో చాలా ఆటలు ఉచితమే. భయం కూడా ఉచితం.

ఆడే పద్ధతి చాలా తేలిక. కనబడినదల్లా నొక్కండి. పటం వెనక, పరుపు కింద, గోడ పగుల్లో, చివరికి శవం జేబులో. దొరికినదల్లా సంచిలో వేసుకోండి. పరాయి ఇంట్లో స్క్రూడ్రైవరు తీసుకుంటే ఎవరూ అడగరు, పహణీ చూపించమనరు. ఆటలో ప్రతి బీగానికీ ఎక్కడో ఒకచోట చెవి పెట్టే ఉంచుతారు. తాలూకాఫీసుకు అలవాటుపడ్డ ప్రాణానికి ఈ ఒక్క సంగతి నమ్మడానికే కొంతకాలం పడుతుంది.

తర్కం మాత్రం ఇంటి దగ్గర వదిలి రండి. 1999లో వచ్చిన ‘గేబ్రియల్ నైట్ 3’లో (అది ఉచితం కాదు, డబ్బిచ్చి మరీ ఈ కష్టం కొనుక్కున్నారు) హీరో ఇంకొకడిలా వేషం వేయాలి. అందుకు పిల్లి వెంట్రుకలు పట్టి, మేపుల్ పాకంతో అంటించుకుని మీసం చేసుకోవాలి. ఆ ఇంకొకడికి మీసమే లేదు! కాబట్టి అతని పాస్‌పోర్టు ఫొటోకు కూడా మీసం గీయాలి. ఇది చదివి మీకు నవ్వొస్తే మీరింకా కొత్త. “సరే, ఆ పిల్లి ఎక్కడుంది?” అని అడిగితే మీకు విద్య అబ్బినట్టే.

ఇంట్లో పెద్దవాళ్లుంటే జవాబు సిద్ధంగా పెట్టుకోవాలి.

“ఏం దేవులాడతాండావురా పొద్దన్నుంచి?”

“బీగంచెవి అవ్వా.”

“యా ఇంటిది?”

“ఇల్లు కాదవ్వా, గేటుది.”

“గేటుదైతే వాచ్‌మన్ కాడుంటాదిరా. ఆ ఫోన్లో యాడ దొరుకుతాది?”

అవ్వతో వాదించకండి. ఆమె దృష్టి చెరువుగట్టు పక్క సోలార్ పార్కు కంచెకున్న గేటు మీద ఉంది. దాని అవతల ఆమె కలుపు తీసిన చేను ఉంది. ఆ గేటు మన ఆటల్లోకి రాదు. ఆటల్లో మనం బయటికి రావడానికే తంటాలు పడతాం, లోపలికి పోవడానికి కాదు.

దారి తోచకపోతే యూట్యూబులో ఎవరో ఆడి చూపించిన వీడియో పెట్టుకోండి. సిగ్గుపడాల్సిన పని లేదు. చూశాక “నేనూ అదే అనుకుంటున్నా” అని పైకి అనండి, పక్కన ఎవరూ లేకపోయినా సరే.

చివరగా ప్రకటనలు. ఉచితం అన్న మాటకు ఖరీదు ఇక్కడ కడతాం. మీరు మూడో సొరుగు అంకెలు కనిపెట్టి, వేలు పెట్టబోయే క్షణంలో అప్పులిచ్చే యాప్ ఒకటి తెరంతా పరుచుకుంటుంది. దాన్ని మూసే గుర్తు పై మూలలో నువ్వుగింజంత ఉంటుంది, అదీ కొన్ని సెకన్లు ఆగాక. ఆట మొత్తంలో కష్టమైన పజిల్ ఇదే. దీనికి మాత్రం వీడియో కూడా లేదు. ఒకవేళ గురి తప్పి అప్పు దరఖాస్తు తెరుచుకుంటే కంగారుపడి అక్కడ కూడా కనబడినదల్లా నొక్కకండి. పొలం వివరాలు అడుగుతుంది. కౌలుకు ఇచ్చామని రాసే గడి అందులో ఉండదు.