ఎనిమిది గడుల అట్టను నేను

నేనొక అట్టను. పార్సిలు డబ్బా విప్పి చదును చేసి, దాని మీద పాత క్యాలెండరు కాగితం తెల్లవైపు పైకి వచ్చేలా మైదా జిగురుతో అతికించి, స్కేలు పెట్టి గీతలు గీస్తే ఇలా తయారయ్యాను. అడ్డంగా ఎనిమిది గడులు, నిలువునా ఎనిమిది. ప్రతి వరుసలోనూ నాలుగో గడి తర్వాత ఒక ఎర్ర గీత, ఆరో గడి తర్వాత మరొకటి. నన్ను వైకుంఠపాళీ అనుకుని పామేదీ, నిచ్చెనేదీ అని వెతికే పిల్లలకు మామ్మగారు చెప్పే మాట ఒక్కటే: “ఇది ఆదితాళం రా. ముందు చెయ్యి చాపు.”

మాది విజయనగరం. మామ్మగారు ఇక్కడి సంగీత కళాశాలలోనే వయొలిన్ నేర్చుకున్నారు. 1919లో మొదలైన ఆ కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే వయొలిన్ పాఠాలు చెప్పి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. అంత చరిత్ర ఉన్న ఊళ్ళో కూడా సాయంత్రం పాఠానికి వచ్చే పసివాళ్ళకు తాళమంటే బెదురే. సరళీ వరుస పాడుతుంటే చెయ్యి ఆగిపోతుంది. చెయ్యి మీద ధ్యాస పెడితే స్వరం జారిపోతుంది. ఆ బెదురు తీర్చడానికే మామ్మగారు నన్ను చేశారు.

నాలో ఒక వరుస అంటే ఒక ఆవర్తనం. మొదటి నాలుగు గడులూ లఘువు: ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. ఎర్ర గీత దాటాక రెండు గడులు ద్రుతం: దెబ్బ వేసి, అరచెయ్యి తిప్పడం. రెండో గీత దాటాక ఇంకో ద్రుతం. ఈ పేర్లేవీ మొదటి రోజు చెప్పరు. పిల్లలు గడిగడికీ చింతపిక్క పెడుతూ పాడతారు, అంతే. చెయ్యి అలవాటు పడ్డాక, నువ్వు ఇన్నాళ్ళూ వేసింది లఘువే అంటే ఆ పేరు ఇట్టే పట్టుబడుతుంది. పేరు ముందు చెప్పి, చెయ్యి తర్వాత నేర్పితే ఆ పేరు పరీక్ష దాకానే ఉంటుంది. ఎందరి చేతులో నా మీద ఆడాయి, ఆ మాట నేను గట్టిగా చెప్పగలను.

నా అసలు పని కాలాలు మారేటప్పుడు. మొదటి కాలంలో గడికి ఒక స్వరం, ఒక పిక్క. ఆరోహణకు ఒక వరుస, అవరోహణకు ఇంకో వరుస, మొత్తం పదహారు పిక్కలు. రెండో కాలంలో గడికి రెండేసి పిక్కలు. అవే పదహారు ఒక్క వరుసలో సరిపోతాయి. మూడో కాలంలో నాలుగేసి, సరిగ్గా మొదటి ఎర్ర గీత దగ్గరికి అయిపోతాయి. మిగిలిన రెండు ద్రుతాలలో మొత్తం మళ్ళీ పాడాలి.

ఏడేళ్ళ పాప ఒకతె రెండో కాలం అనగానే చేతిని కూడా రెట్టింపు పరుగెత్తించేది. సంగీతం నేర్చుకునే పిల్లలకు తరచూ వచ్చే చిక్కే ఇది. మామ్మగారు కోప్పడలేదు. ఆ పాప వేలు పట్టుకుని నా గడి మీద ఉంచారు.

“పిక్కలు పెరిగాయా, గడి చిన్నదైందా?”

“పిక్కలే పెరిగాయి మామ్మగారూ.”

“మరి చెయ్యెందుకమ్మా పరుగెత్తింది?”

పాప కాసేపు నా వంకే చూసింది. తర్వాత చెయ్యి నెమ్మదించి, స్వరాలు మాత్రమే జంటలుగా నడిచాయి. కాలం మారినా తాళం నడక మారదని నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, కదలని గడి ఒకటి కళ్ళెదురుగా ఉంటే ఎక్కుతుంది. నా గీతలు గీసినందుకు ఫలితం అదే.

లఘువులో ఎన్ని అక్షరాలో చెప్పే జాతుల ఆటకు నేను అక్కర్లేదు, మాటలు చాలు. చిలక అంటే మూడు, తిస్రం. గడబిడ నాలుగు, చతురస్రం. గలగలలు అయిదు, ఖండం. చిలక-గడబిడ కలిపితే ఏడు, మిశ్రం. గడబిడ-గలగలలు కలిస్తే తొమ్మిది, సంకీర్ణం. వంకాయ, బీరకాయ అని కూరగాయల పేర్లతో ఎందుకు ఆడించకూడదని ఒక తల్లి అడిగింది. కాయలో ‘కా’ దీర్ఘం, పిల్లలు దాన్ని సాగదీస్తారు, నడక చెడుతుందన్నారు మామ్మగారు. తకిట, తకధిమి చూడండి, ఒక్క దీర్ఘమూ ఉండదు.

ఇక పెళ్ళి శుభలేఖలు కత్తిరించి చేసిన పట్టీలు నా పక్కనే ఒక సంచిలో ఉంటాయి. ఒక్కో పట్టీ పొడవు దాని అక్షరాలంత. పది అక్షరాలు పేర్చమంటే ఒకడు 4, 2, 4 పెడతాడు. అది చతురస్రజాతి మఠ్యం. ఇంకొకడు 7, 1, 2 పెడతాడు. అది మిశ్రజాతి ఝంప. పొడవు ఒకటే, నడక వేరు. పధ్నాలుగు అడిగితే ధ్రువతాళమూ వస్తుంది, ఖండజాతి అటతాళమూ వస్తుంది. ఏడు తాళాలు, అయిదు జాతులు, ముప్పయి అయిదు తాళాలన్న లెక్క ఆ సంచిలోంచి పిల్లలే పైకి తీస్తారు.

పెద్దపిల్లలకు కటపయాది చీట్లు, అంటే ఏ అక్షరానికి ఏ అంకెో చెప్పేవి. రాగం పేరులో మొదటి రెండు అక్షరాలకు అంకెలు తీసి తిరగేస్తే మేళకర్త సంఖ్య. మాయామాళవగౌళలో మ అయిదు, య ఒకటి, తిరగేస్తే 15. శంకరాభరణం ముందు ‘ధీర’ ఎందుకుందో 29 వచ్చినప్పుడు తెలిసి వాళ్ళు ఎగిరి గంతేస్తారు.

పాఠం అయ్యాక నారాయణదాసుగారి కథ ఉంటుంది. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, అయిదింటితో అయిదు తాళాలు ఒకేసారి నడిపిన పంచముఖి ఆయనది. పిల్లలు కాలితో మూడు, చేతితో నాలుగు వేసి చూస్తారు. పన్నెండో దెబ్బ తర్వాత రెండూ మళ్ళీ ఒకేసారి మొదలైనప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి.

నన్ను చెయ్యడానికి డబ్బక్కర్లేదు. ఫోనులో తాళం వేసే యాప్‌లు సాధన చేసేవారికి మంచివే. పసివాడికి మాత్రం తన వేలితో తాకే గడి కావాలి. మీ ఇంట్లో పాత క్యాలెండరు ఉంటే పారేయకండి. ఎనిమిదికి ఎనిమిది గడులు గీయండి, గుప్పెడు చింతపిక్కలు తీసి పెట్టండి. నాలుగో గడి తర్వాతా, ఆరో గడి తర్వాతా ఎర్ర గీతలు మాత్రం మరచిపోకండి.